ఒంటిచేత్తో తినే బ్రెడ్డు

ఉక్కునగరం,
జూన్ 12

బావ ఖాదర్‌కు,

ఎల్లారావు ఆటోలో ఖాళీ ట్రేల మధ్య ఈ కాగితం చూసి కంగారు పడకు. ఫోన్ చేద్దామంటే నీకు తీరికున్నప్పుడు నేను డ్యూటీలో ఉంటాను, నాకు తీరికున్నప్పుడు నువ్వు బట్టీ ముందు ఉంటావు. వాట్సాప్‌లో రాద్దామంటే నీ ఫోన్ ఎప్పుడూ కౌంటర్ మీదే. ఆర్డర్లు చూడ్డానికి కొట్లో అందరూ తీసేదే కదా. నా ఫోనేమో ఇంటికి రాగానే కనకరత్నం చేతిలోకి పోతుంది. ఇది ఇప్పుడే ఆవిడకి తెలియకూడదు. రోజూ మా టౌన్‌షిప్ కొట్లకి నీ బ్రెడ్డు తెచ్చేది ఎల్లారావే కాబట్టి అతన్నే పోస్ట్‌మన్ని చేశాను.

సంగతేమిటంటే నన్ను క్రేన్ మీంచి దించేసేలా ఉన్నారు.

పోయిన వారం ప్లాంటులో ఏటా చేసే మెడికల్ పరీక్షకి వెళ్ళాను. మూడు నెలల సగటు షుగరు తొమ్మిదిన్నర వచ్చింది. ఈ మధ్య ఒకసారి పైన కేబిన్‌లో కళ్ళు మసకేశాయని నేనే నోరు విప్పి చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను? నా కొక్కేనికి వేలాడేది కరిగిన ఉక్కు, దాని చుట్టూ పనిచేసేది పాతిక మంది. డాక్టరు పేరు అలేఖ్య, మన పిల్లల వయసుంటుంది. మాత్రలు మార్చింది. "సెప్టెంబర్ పదమూడున మళ్ళీ చూస్తాను. ఎనిమిది లోపుంటే క్రేన్ మీదే. లేదంటే కింద స్టోర్సులో పని" అని మెల్లగానే చెప్పింది. అప్పటిదాకా పక్కన ఇంకో ఆపరేటర్ ఉంటేనే నేను లివర్ ముట్టుకోవాలట. ఇరవై రెండేళ్ళ తర్వాత నాకు కాపలా. తల కొట్టేసినట్టయింది.

అన్నం తగ్గించాను. ఇడ్లీ మానేశాను. మానలేనిది బ్రెడ్డు ఒక్కటే. మీ బట్టీ ముందు కూర్చుని వేడి బన్ను తింటూ పెరిగిన ఒళ్ళు ఇది. డ్యూటీలో రోజుకి ఎనిమిది ముక్కలు లాగించేవాణ్ణి. మైదా అంటే చక్కెరే అనుకోమంది డాక్టరు.

అందుకని అడుగుతున్నాను. మైదా లేకుండా బ్రెడ్డు చెయ్యగలవా?

నీ కామరాజు


వన్ టౌన్,
జూన్ 15

బావా,

నీ కాగితం చదివి ముందు నిన్ను తిట్టుకున్నాను, తర్వాత అక్కడికక్కడే పిండి చేతులు కడుక్కుని పని మొదలెట్టాను. మా నాన్నకి నాన్న, మా దాదా కాలం నుంచి ఇదే సందులో డబుల్ రొట్టె కాలుస్తున్నాం. ఒక్క బావకి మైదా లేని బ్రెడ్డు చేసిపెట్టలేకపోతే ఆ బట్టీలో నీళ్ళు పోసుకోవడం మంచిది.

రెండు రోజులుగా నాకు వేరే ధ్యాస లేదు. మొదటిరోజు బాదంపప్పు విసిరి, గుడ్లు కొట్టి కలిపాను. పెనం నుంచి తీస్తే ఇసకలా రాలిపోయింది. రెండోరోజు అందులో అవిసెగింజల పొడి కలిపాను, ముద్ద కట్టింది. కట్టింది కానీ ఎక్కడున్నది అక్కడే ఉంది, వీసమెత్తు లేవలేదు. మా అమ్మీ వచ్చి వేలితో నొక్కి చూసి, "ఏటిరా ఇది, మేకు కొట్టడానికా?" అంది. నవ్వనీ. డెబ్బై ఏడేళ్ళ మనిషి, ఆవిడ నవ్వితే నాకు ఇంకా హుషారొస్తుంది.

నాకు పిచ్చి పట్టిందని సమీర్ అంటున్నాడు. కొడుకు మాట ఎవడు వింటాడు. పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి పోయి కొబ్బరి, వేరుశనగ, నువ్వులు అన్నీ తెచ్చుకున్నాను. ఇంతకాలం బ్రెడ్డు అంటే ఏమిటో నాకు తెలుసు అనుకున్నాను బావా, ఏమీ తెలియదు. నాకిప్పుడు పదహారేళ్ళ వాడిలా ఉంది.

ఈ ట్రేలో మొదటి రెండూ పంపుతున్నాను. మైదా రవ్వంత కూడా లేదు. తిని, షుగరు మిషన్‌తో చూసుకుని, అంకెతో సహా రాయి. మొహమాటపడితే ఊరుకోను.

ఖాదర్


ఉక్కునగరం,
జూన్ 26

బావా,

ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

బాదం బ్రెడ్డు రుచి బ్రహ్మాండం. కానీ కేబిన్‌లో ముక్క చేతిలోకి తీసుకునేసరికి సగం ఒళ్ళో పడింది. నా పక్కన కాపలా కూర్చున్న గోపి అది ఏరుకుని తిన్నాడు. అవిసె బ్రెడ్డు కరిచి పావుగంట నమిలాను, దవడలు లాగేశాయి. తర్వాత పంపినవాటిలో కొబ్బరిది చక్కెర మరిచిపోయిన లౌజులా ఉంది. వేరుశనగది మాత్రం ఎల్లారావు దారిలోనే ఒక ముక్క కొట్టేశాడు. "పొద్దున తిన్నాను బావా, ఇంకా కడుపులోకి దిగనేదు" అని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పాడు.

అయినా అసలు కబురు విను. తిన్న రెండు గంటలకి మిషన్ పెడితే నూట అరవై. మర్నాడు నూట యాభై రెండు. నెల క్రితం రెండొందల ముప్పై చూసిన కళ్ళతో ఇది చూశాను. నమ్మలేక రెండోసారి వేలు గుచ్చుకున్నాను. అదే అంకె. నాకు కేక వెయ్యాలనిపించింది, ఇంట్లో ఆవిడ ఉందని ఊరుకున్నాను. ఆవిడకి షుగరు సంగతే తెలుసు, క్రేన్ సంగతి తెలియదు.

దారి మంచిదే బావా. అది కాస్త లేచి, కాస్త మెత్తబడితే చాలు. ఇంకేం అడగను.

కామరాజు


వన్ టౌన్,
జూలై 9

బావా,

లేచింది. బావా, లేచింది.

పొద్దున బట్టీ తలుపు తీస్తే డబ్బా అంచు దాటి నిలబడి ఉంది. బంగారు రంగు, గుండ్రటి నెత్తి. కోస్తే లోపల జాలీలా సన్నటి రంధ్రాలు. నొక్కితే దిగి, మళ్ళీ పైకొచ్చింది. అమ్మీకి ఒక ముక్క ఇచ్చాను. ఏమీ చెప్పకుండా టీలో ముంచుకుని తినేసి ఇంకోటి అడిగింది. సమీర్ ఫోటో తీశాడు, వాళ్ళావిడ సనోబర్ ఆ ఫోటో వాళ్ళ పుట్టింటికంతా పంపింది. పక్క కొట్టు మోహనకృష్ణ వచ్చి, "ఏటి బావా, లాటరీ తగిలిందా" అన్నాడు. లాటరీ ఏం లెక్క?

మూడు వారాలు నిద్రలో కూడా పిండి కలిపాను. ఏం వేశావని మాత్రం అడక్కు, అది మా ఇంటి విద్య. బాదం ఉంది, అవిసె ఉంది, గుడ్లున్నాయి. మైదా లేదు, హామీ నాది.

ట్రేలో రెండు బ్రెడ్లు గుడ్డలో చుట్టి పెట్టాను. వాటి మీద ఇంకో ట్రే పెడితే ఆటోలోంచి దించేస్తానని ఎల్లారావుకి చెప్పాను. ఇకనుంచి రోజూ వస్తాయి. కడుపునిండా తిను.

ఖాదర్


ఉక్కునగరం,
జూలై 12

బావా,

నా నెత్తిన పాలు పోశావు.

ఎడం చేత్తో పట్టుకుంటే ఒక్క పొడి రాలలేదు. మధ్యలో వెన్న రాసి, ఉడికిన గుడ్డు కోసి పెట్టుకుని పైన కేబిన్‌లో కూర్చుని తింటుంటే నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. గోపి చూసి కంగారు పడి, "దించమంటావా అన్నా" అన్నాడు. బ్రెడ్డు బాగుందిరా అంటే నమ్మలేదు, వాడికీ ఒక ముక్క పెట్టాక నమ్మాడు.

మళ్ళీ రోజుకి ఎనిమిది ముక్కల మీదకొచ్చాను. మిషన్ పెట్టుకోవాలి, పెట్టుకుంటాలే. మైదా లేనప్పుడు తొందరేముంది. సెప్టెంబర్లో ఆ డాక్టరమ్మ ముందు కూర్చుని మా బావ పేరు చెబుతాను చూడు.

కామరాజు


వన్ టౌన్,
జూలై 25

బావా,

రెండు వారాలైంది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క రాలేదు. అంకెలేవి? నేనిక్కడ ఊళ్ళో అందరికీ చెప్పేసుకున్నాను. మా సందులో షుగరున్న పెద్దవాళ్ళు అయిదుగురు వచ్చి అడిగారు. ముందు కామరాజు అంకె రానివ్వండి, తర్వాతే మీకు అని ఆపాను. నూట ఇరవై వచ్చిందా? నూట పది? ఊరించకుండా రాయి.

ఖాదర్


ఉక్కునగరం,
జూలై 27

బావా,

అంతా బాగానే ఉంది. డ్యూటీలు ఎక్కువై రాయలేదు. అంకెలు తర్వాత పంపుతాను. ఆ అయిదుగురికీ ఇప్పుడే ఇవ్వకు, కాస్త ఆగు. నాకు మాత్రం పంపడం ఆపకు.

ఇక్కడ వానలు.

కామరాజు


ఉక్కునగరం,
ఆగస్టు 2

ఖాదర్ అన్నయ్యకు,

నేను కనకరత్నాన్ని రాస్తున్నాను. ఈ కాగితం గురించి మీ బావగారికి తెలియదు. ఎల్లారావుని బెదిరించి మరీ ఇస్తున్నాను.

నిన్న ఆయన చొక్కా ఉతుకుదామని జేబు చూస్తే మెడికల్ వాళ్ళ కాగితం దొరికింది. క్రేన్ సంగతి అప్పుడు తెలిసింది. నాకు చెప్పనందుకు తర్వాత తగువు పెట్టుకుంటాను, అది మా ఇంటి గొడవ. మిషన్ పాత అంకెలు దాచుకుంటుందని ఆయనకి తెలియదు. నాకు మా అమ్మాయి కీర్తన నేర్పింది. వెనక్కి నొక్కుతూ పోయాను. జూన్ నెలాఖరులో నూట అరవై, నూట యాభై రెండు. జూలై పద్దెనిమిది నుంచి రెండొందల నలభై ఒకటి, రెండొందల అరవై ఎనిమిది, రెండొందల డెబ్బై నాలుగు.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను. బయట ఏమీ తినలేదని కీర్తన మీద ఒట్టేశాడు. ఆ మనిషి పిల్ల మీద అబద్ధపు ఒట్టు వెయ్యడు. మరి అంకెలు చూసి కూడా బ్రెడ్డు ఎందుకు తింటున్నావంటే తల దించుకుని, "ఆడు అంత సంబరపడి సేత్తన్నాడు, ఆడికెలా సెప్పమంటావ్" అన్నాడు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మీరిద్దరూ మంచివాళ్ళే అన్నయ్యా. మీ ఇద్దరి మంచితనం మధ్య ఆయన క్రేన్ పోయేలా ఉంది. స్టోర్సులో కూర్చుంటే జీతమేమీ ఆగదు. కానీ ఆయన ఇంట్లో కూడా పైకి చూస్తూ నడిచే మనిషి. కింద కూర్చోబెడితే ఏమైపోతాడో నాకు తెలుసు.

ఆ బ్రెడ్డులో ఏముంది? దాచకుండా చెప్పండి. ఇంకా నలభై రెండు రోజులే ఉన్నాయి.

మీ చెల్లెలు,
కనకరత్నం


వన్ టౌన్,
ఆగస్టు 4

కామరాజు బావకు, చెల్లెమ్మకు,

ఇద్దరూ కలిసి చదవండి. ఇది రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు.

మా కొట్లో ఒక పింగాణీ జాడీ ఉంది. అందులో ఖమీర్ ఉంటుంది. పిండిని పొంగించే పులిసిన ముద్ద. మా దాదా ఈ సందులో బట్టీ పెట్టినరోజు కలిపింది. రోజూ దాన్లోంచి కొంత తీసి కొత్త పిండిలో కలుపుతాం, ఆ పిండిలోంచి మళ్ళీ కొంత తీసి జాడీలో వేస్తాం. ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా ఆ జాడీ ఖాళీ కాలేదు. చేతులు కడుక్కోకుండా దాని మూత తియ్యం. మా బాబాయి వేరుపడినప్పుడు ఆస్తిలో దేనికీ పేచీ పెట్టకుండా ముందు అందులో సగం అడిగి పట్టుకుపోయాడు.

నీ బ్రెడ్డు ఎంతకీ లేవకపోతే జూలై మొదటి వారంలో అందులోంచి ఒక గుప్పెడు వేశాను. కాస్త కదిలింది. రెండు గుప్పెళ్ళు వేశాను. చివరికి సగానికి సగం అదే వేశాను. అప్పుడు లేచింది.

ఆ ముద్ద దేంతో చేసింది బావా? మైదాతోనే కదా. రోజూ మైదాతోనే కదా దాన్ని పెంచేది. అల్లా సాక్షిగా చెబుతున్నాను, చెల్లెమ్మ కాగితం చదివేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. నాకది పిండి కాదు, మా దాదా. బస్తాలోంచి తీసేదే మైదా అనుకున్నాను. కాగితం చదివి జాడీ ముందు కూర్చుండిపోయాను. చేతులతో నీకు అన్నీ పెట్టి, అదే చేతులతో నీ క్రేన్ లాగేశాను. నన్ను తిట్టు. కొట్టాలనిపిస్తే ఎల్లారావు ఆటో ఎక్కి రా.

ఒక్కటి మాత్రం నీ తప్పు. రెండొందల నలభై చూసినరోజే ఎందుకు రాయలేదు? నేను సంబరపడకపోతే చచ్చిపోతానా? నువ్వు పైనుంచి దిగిపోతే నేనేం కావాలి?

ఆ బ్రెడ్డు ఇక రాదు. అమ్మీ నిన్నో మాట అడగమంది. "ఆడికి రొట్టే కావాలేటి, రొట్టె సేసే పని కావాలేటి, కనుక్కో" అంది. నాకు అర్థం కాలేదు. నీకేమైనా అర్థమైతే రాయి.

ఖాదర్


ఉక్కునగరం,
ఆగస్టు 5

బావా,

ఇద్దరం చదివాం. మా ఆవిడ చదువుతూ చదువుతూ, మీ దాదా దగ్గరకొచ్చేసరికి ముందు నవ్వింది, తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నిన్ను కొట్టడానికి నాకు చెయ్యి రాదు. నేను రాయకపోవడం తప్పే. ఇకనుంచి ఏ అంకే దాచను, మంచిదైనా చెడ్డదైనా.

అమ్మీ అడిగింది నాకు అర్థమైంది, రొట్టె నాకు ఏ పనికొస్తోందనే కదా. పొద్దున్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. పైన కేబిన్‌లో కుడిచేతికి గ్రీజు గ్లవ్ ఉంటుంది. ఒక లోడు దించాక తర్వాతి సైగ వచ్చేలోపు నాకు దొరికేది అయిదు నిమిషాలు. చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళుండవు. కిందకి దిగి ఎక్కాలంటేనే పావుగంట. కాబట్టి ఎడం చేత్తోనే తినాలి. అన్నం ఎడం చేత్తో ఎలా తింటాం? ముట్టుకోబుద్ధి కాదు. బ్రెడ్డుకి ఆ పట్టింపు లేదు. కారదు, రాలదు, అంటుకోదు, తిన్నాక ఆకలి వెయ్యదు. నాకు కావలసింది అదే బావా. అది బ్రెడ్డులా లేవక్కర్లేదు, తెల్లగా ఉండక్కర్లేదు. ఇరవై రెండేళ్ళు తిని కూడా ఈ మాట నాకు ఇవాళే తెలిసింది.

కామరాజు


వన్ టౌన్,
ఆగస్టు 10

బావా,

కూర్చుని చదువు.

నీ కాగితం అమ్మీకి వినిపించాను. మొత్తం విని, "అంతేనా? దీనికి బట్టీ ఎందుకురా?" అంది. సమీర్ని ఫిషింగ్ హార్బర్‌కి తోలింది. తెల్లారేసరికి వాడు కోనాం చేప తెచ్చాడు. ఆవిడే కూర్చుని ఉడికించి, ముళ్ళు ఒక్కొక్కటీ తీసి, అల్లం, పచ్చిమిర్చి, పుదీనా, నిమ్మరసం వేసి దంచింది. నాలుగు గుడ్లు గిలక్కొట్టి పెనం మీద కాగితమంత పల్చగా అట్టు పోసింది. దాన్లో చేప ముద్ద పరిచి చాపలా బిగించి చుట్టింది. "ఇప్పుడు నీ బట్టీలో పది నిమిషాలు పెట్టు, తడి ఆరాలి" అంది. ఆ ఒక్క పనే నాకు మిగిల్చింది.

తీశాక చల్లారనిచ్చి పరీక్ష పెట్టాను. కుడిచేతికి సనోబర్ పెనాలు దించే మందపాటి గ్లవ్ తొడిగాను. స్టూలెక్కి షట్టర్ ఊచ పట్టుకుని, ఎడం చేత్తో తిన్నాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. మోహనకృష్ణ, "ఏటి బావా, ఏటి సేత్తన్నావ్" అంటే, క్రేన్ నడుపుతున్నా అన్నాను. కారలేదు బావా. రాలలేదు. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి లేదు.

పిండి లేదు. ఈసారి హామీ నాది కాదు, అమ్మీది. పేరేం పెట్టమంటావని అడిగితే, "పేరెందుకు, పొట్లం మీద ఆడి పేరు రాసి పంపు" అంది. నాలుగు పంపుతున్నాను. రెండు గంటల తర్వాత వేలు గుచ్చుకో. చెల్లెమ్మ ఎదురుగా గుచ్చుకో.

ఖాదర్


ఉక్కునగరం,
ఆగస్టు 24

బావా,

నూట నలభై రెండు. నూట ముప్పై ఆరు. నూట ముప్పై ఒకటి. నూట ఇరవై ఎనిమిది. ఇవి ఈ నాలుగు రోజులవి. సాక్షి సంతకం కింద మా ఆవిడ చేసింది చూడు.

మూడు వారాలు పాడుచేసుకున్నాం, అది మాత్రం గుచ్చుకుంటోంది. సగటు మూడు నెలలది కదా, ఆ రోజులు కూడా లెక్కలోకొస్తాయట. ఎనిమిది దాటితే ఎలాగా అని రోజూ అనుకుంటాను. ఆ భయంలో కూడా పొట్లం విప్పే వేళకి హుషారొస్తోంది. కేబిన్ అంతా పుదీనా వాసన. గోపి కాపలా మానేసి పొట్లానికి కాపలా కాస్తున్నాడు.

కామరాజు
కనకరత్నం (నేనే చూశాను అన్నయ్యా, నిజం)


ఉక్కునగరం,
సెప్టెంబర్ 14

బావా,

ఏడు పాయింట్ ఎనిమిది.

నిన్న పదకొండు గంటలకి అలేఖ్య డాక్టరు కాగితం నా వైపు తిప్పి వేలితో చూపించింది. అంకె కనబడుతోంది, బుర్రకెక్కడం లేదు. "క్రేన్ మీదే ఉండండి. ఇంకా తగ్గాలి, మాత్రలు ఆపకండి, మళ్ళీ మూడు నెలలకి రండి" అంది. కళ్ళు మసకేశాయన్నది కూడా పరీక్షించి, ఇప్పుడేమీ లేదని రాసింది. ఏం తిన్నారని అడిగితే మా రసూల్ బీ అమ్మీ చేసిన చేప చుట్ట అన్నాను. నిజంగానే రాసుకుంది.

బయటకొచ్చి మా ఆవిడకి ఫోన్ చేశాను. ఆవిడ అంకె రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "అన్నయ్యకి చెప్పావా" అంది. కాగితం మీదే చెబుతానన్నాను. ఇవాళ పొద్దున పక్కన కాపలా లేకుండా ఒక్కణ్ణే మెట్లెక్కాను. లివర్ మీద చెయ్యేసి మొదటి సైగ కోసం చూస్తుంటే గుండె దడదడలాడింది. ఇరవై రెండేళ్ళ క్రితం మొదటిరోజు కూడా ఇంత ఆడలేదు. బావా, నాకు ఎంత సంతోషంగా ఉందో నీకు రాయలేను.

నిన్నటిది ఇంకో సంగతుంది. మెడికల్ సెంటర్ మెట్ల మీద సాయిశంకర్ అని, పక్క షాపులో క్రేన్ నడిపే కుర్రాడు, నలభై కూడా ఉండవు, తల పట్టుకుని కూర్చున్నాడు. నా వెనకే లోపలికెళ్ళి వచ్చాడు. తొమ్మిది పాయింట్ మూడట. మూడు నెలలు టైమిచ్చారట. "ఇంటికెల్లి ఏటని సెప్పమంటావన్నా" అన్నాడు. పక్కన కూర్చున్నాను. డ్యూటీలో ఏం తింటావని అడిగాను. బ్రెడ్డే అన్నాడు, ఎనిమిది ముక్కలట.

నా జేబులో నిన్నటి పొట్లం ఉంది. తీసి అతని చేతిలో పెట్టాను. కుడిచేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఎడం చేత్తో తిన్నాడు. సగం తిన్నాక ఆగి, ఇది ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

దొరకదన్నాను. అతని పేరు చెప్పమన్నాను.

రేపటి నుంచి రెండో పొట్లం మీద సాయిశంకర్ అని రాసి పంపు.

కామరాజు